ఒక్కటే మెట్ల దారి

మేముండే బిల్డింగు సూరత్‌లో, గోడాదరాలో ఉంది. కింద గోదాము, దాని మీద మూడంతస్తులు, అంతస్తుకు రెండేసి కిరాయి ఇళ్లు. మాది అన్నిటికంటే పైది. కింది గోదాము, పైన మా ఇళ్లు, వెనక గల్లీలో మగ్గాల కార్ఖానా, మూడూ ఒకే సేఠ్‌వి. నా భర్త ఆ కార్ఖానాలోనే మగ్గాలు నడుపుతాడు. అంటే మాకు కూడు పెట్టేదీ, నీడ ఇచ్చేదీ ఆ ఒక్క మనిషే. ఆయనతో పేచీ పెట్టుకోవాలని కలలో కూడా అనుకోలేదు.

నేను పుట్టింది సూరత్‌లోనే. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మున్సిపాలిటీ తెలుగు బడిలో ఎనిమిది దాకా చదివాను. పెళ్లయ్యాక ఇంట్లోనే కూర్చుని చీరలకు లేసులు అంటించే పని పట్టుకున్నాను. ఇంట్లో మా అత్తమ్మ, నా భర్త, నేను, మా అమ్మాయి. అత్తమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి. గోడ పట్టుకుని బాత్రూము దాకా నడవడమే ఆమెకు పెద్ద పని.

మగ్గం మీంచి దిగిన పచ్చి గుడ్డ చుట్టను ఇక్కడ తాకా అంటారు. రంగు పడని పాలిస్టర్ గుడ్డ. ఒక ఏడాది వానల్లో పక్కనున్న ఖాడీ, అంటే మురుగు వాగు, పొంగి గోదాములోకి నీళ్లు వచ్చాయి. అప్పుడు కూలీలు తాకాలను తెచ్చి మొదటి అంతస్తు మలుపులో పెట్టారు. వానలు పోయాయి, తాకాలు పోలేదు. పైగా పెరిగాయి. ముందు మెట్లకు ఒక పక్క, తర్వాత రెండు పక్కలా, అలా రెండో అంతస్తు దాటి మా మలుపు దాకా వచ్చాయి. మధ్యలో ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు మిగిలింది. అలవాటైపోయింది. పిల్లలు వాటి మీద ఎక్కి ఆడేవాళ్లు. నేనూ పక్కింటి అక్కా సాయంత్రాలు వాటి మీదే కూర్చుని ముచ్చట్లు పెట్టుకునేవాళ్లం. మెట్ల మొదట్లో గోడకు అందరి కరెంటు మీటర్లూ ఉండేవి. వాటికి ఆనుకుని కూడా తాకాలే.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం. నా భర్త పనిలో, అమ్మాయి బడిలో ఉన్నారు. నేను లేసులు అంటిస్తున్నాను. ఆ గమ్ము వాసన ఇంటి నిండా ఉంటుంది కాబట్టి నాకు వేరే వాసన తెలియలేదు. అత్తమ్మే ముందు పసిగట్టింది.

"ఏందే, ఏదో మాడుతున్నట్టుంది? పొయ్యి చూడరాదు."

పొయ్యి ఆర్పే ఉంది. తలుపు తీశాను. మెట్ల మీంచి సన్నగా పొగ పైకి వస్తోంది. కాలిన ప్లాస్టిక్ వాసన గొంతులో పట్టుకుంది. కింద ఎవరో అరుస్తున్నారు.

అత్తమ్మను లేపి, ఆమె చెయ్యి నా భుజం మీద వేసుకుని దిగడం మొదలుపెట్టాను. ఆమె బరువు మనిషి. మా మలుపు దాటామో లేదో ఇరుక్కుపోయాం. సందులో ఒక్కరే పడతారు. పక్కకు తిరగమంటే ఆమె మోకాళ్లు తిరగవు. వెనక నుంచి పట్టుకుందామంటే ముందు పడిపోతుంది. పొగ చిక్కబడుతోంది. ఆమె దగ్గుతూ ఆ మెట్టు మీదే కూలబడింది.

"నువ్వు పోవే," అంది. "పొల్ల బడికెళ్లి వస్తది. దానికి తల్లి ఉండాలె. నన్ను ఇడిషిపెట్టు."

నేను వెళ్లలేదు. ధైర్యంతో ఆగానని చెప్పుకోవచ్చు కానీ అది నిజం కాదు. నా కాళ్లు ఆడలేదు. రెండు పక్కలా తాకాలు మా తలల కంటే ఎత్తున ఉన్నాయి. అవి అంటుకుంటే ఇది మెట్ల దారి కాదు, పొయ్యి గొట్టం అని ఆ నిమిషంలో తెలిసింది. ఆమె తలను నా పొట్టకు అదుముకుని నిలబడ్డాను.

కింద ఎవరో "మెయిన్ బంద్ కర్!" అని అరిచారు. తర్వాత గోనెసంచితో బాదుతున్న చప్పుడు. కాసేపటికి పొగ పలచబడింది. కింద గల్లీలో చాయ్ బండి పెట్టుకున్నతను మెయిన్ స్విచ్ దింపి, మీటర్ల మీద సంచితో కొట్టి ఆర్పాడట.

సాయంత్రం కిందికి దిగి చూశాను. ఒక మీటరు నల్లగా మాడిపోయి ఉంది. దానికి ఆనుకున్న తాకా మీద అరచేయంత మేర గుడ్డ కరిగి, ముద్దయి, గట్టిపడింది. వేలితో తాకితే గరుకుగా ఉంది. కరిగింది గానీ అంటుకోలేదు. మేం బతికి ఉండటానికి కారణం అంతకంటే పెద్దదేమీ కాదు.

ఆ రోజు నుంచి ఇంట్లో నాకు ఊపిరి ఆడలేదు. ఎండలో కూడా తలుపు బార్లా తీసి పెట్టేదాన్ని. పక్కింట్లో పోపు మాడినా లేచి మెట్ల దాకా వెళ్లి చూసేదాన్ని. గమ్ము డబ్బా మూత తీస్తే అసలు వాసన ఏదో తెలియదని లేసుల పని సగానికి తగ్గించాను. మా కిటికీకి ఇనుప జాలీ ఉంది, అటునుంచి పిల్లి కూడా దూరదు. డాబా మీదికి వెళ్లే తలుపుకు తాళం. బడి నుంచి వచ్చిన అమ్మాయిని పైకి రానివ్వకుండా, వాళ్ల నాన్న వచ్చేదాకా చాయ్ బండి దగ్గరే కూర్చోబెట్టేదాన్ని. "మమ్మీ, పైన ఏముంది?" అని అడిగేది పిల్ల.

సేఠ్ దగ్గర పద్దులూ పనులూ చూసే గుమాస్తాను అందరూ మెహతాజీ అంటారు. ముందు ఆయన్ని అడిగాను. మీటరు మార్పించానన్నాడు. తాకాల సంగతి ఎత్తితే నవ్వాడు. "వానలు నెత్తి మీదికొచ్చాయి బెన్. ఇప్పుడు తీసి ఖాడీలో పెట్టమంటావా?" అన్నాడు. బెన్ అంటే ఇక్కడ అక్కా అని పిలిచినట్టు.

నా భర్తతో చెబితే ఆయన గొంతు తగ్గించాడు, గోడలకు చెవులున్నట్టు.

"సేఠ్‌తోని పెట్టుకుంటే ఏమైతదో ఎరికేనా నీకు? పొద్దుగాల పని పోతది, పొద్దుమీకి రూము పోతది. అమ్మను ఎత్తుకొని యాడికి పోదాం?"

"మొన్న అత్తమ్మ మెట్ల మీద కూలబడ్డది. నువ్వు చూడలే."

"చూడలే. అందుకే జర నిమ్మలంగ చెప్తున్న. ఊకో."

ఆయన మాటలో తప్పేమీ లేదు. నా భయమూ ఆయన భయమూ రెండూ నిజమే. ఒకటి మెట్ల మీద ఉంది, ఇంకొకటి కార్ఖానాలో ఉంది.

ఆ నెలలోనే మా గల్లీ అంగన్‌వాడీలో ఉచిత న్యాయసహాయం వాళ్లు శిబిరం పెట్టారు. ఒక వాలంటీరు అమ్మాయి మైకులో, కేసు వేయకముందే ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి ఉందని, దానికి ఫీజు లేదని చెప్పింది. అందరూ లేచి వెళ్లాక నేను ఆమె దగ్గరికి పోయాను. చెప్పినదంతా విని, "ఇది కొట్లాట కాదక్కా. ఆయన్ని మాట్లాడటానికి పిలుస్తాం. ఆయన రానంటే బలవంతం లేదు. అప్పుడు కోర్టు దారి ఉంటుంది," అంది.

"నా పేరు ఆయనకు తెలుస్తుందా?"

"తెలుస్తుంది. ఎవరు పిలిచారో తెలియకుండా ఎలా వస్తాడు?"

ఆ మాటకే వెనక్కి వచ్చేశాను. పక్కింటి అక్కతో చెప్పుకున్నాను. ఆమెది మా జిల్లానే, నలుగురు పిల్లల తల్లి. "నేను గూడ వస్త పా, ఇద్దరం సంతకం పెడుదాం," అంది. ఆ మాట పట్టుకుని ఇద్దరం సిటీ బస్సెక్కి కోర్టు ఆవరణలో ఉన్న ఆ న్యాయసహాయం కార్యాలయానికి వెళ్లాం. అర్జీ రాశారు. నేను సంతకం పెట్టాను. అక్క పెన్ను పట్టుకుని, కాసేపు కాగితం వైపు చూసి, కింద పెట్టేసింది. "ఇంట్ల ఆయన్ను అడిగి పెడ్త," అంది. నన్ను కళ్లెత్తి చూడలేదు. ఆమె మీద నాకు కోపం రాలేదు. నాకూ అదే నిమిషంలో నా సంతకం కొట్టేయాలనిపించింది.

నోటీసు వెళ్లాక ఎదురుచూసిన రోజులు పొగ కంటే దారుణంగా గడిచాయి. మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడైనా సేఠ్ మనుషులే అనుకునేదాన్ని. గోదాము దగ్గర మెహతాజీ నన్ను చూసి మాట ఆపేసేవాడు. కొత్తవాళ్లెవరో ఇద్దరు వచ్చి మా బిల్డింగు వైపు చూస్తూ నిలబడ్డారు. వాళ్లు ఎవరి కోసం వచ్చారో ఈ రోజుకీ నాకు తెలియదు. ఆ రోజు మాత్రం లోపల గొళ్లెం పెట్టుకుని అత్తమ్మ మంచం పక్కన కూర్చున్నాను.

ఒక సాయంత్రం నా భర్త వచ్చి, చేతులు కడుక్కోకుండానే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయనకు కోపం వస్తే అరుస్తాడు. ఆ రోజు అరవలేదు.

"సేఠ్ మగ్గం కాడికి వచ్చిండు," అన్నాడు. "అందరి ముంగట అడిగిండు, నీ పెండ్లాం నా మీద కోర్టుకు పోయిందట గదా అని. నాకేం తెల్వదు అన్న. రేపటికెళ్లి పనికి రావాల్నో వద్దో తర్వాత చెప్తా అన్నడు."

మంచం మీంచి అత్తమ్మే అంది: "నేను చెప్పిన దానికి పొమ్మని. పెద్ద ముసల్దాన్ని, నేను చెప్పిన అని చెప్పు సేఠ్‌కు." ఆమెకు నిజానికి ఏమీ తెలియదు. నేను కోర్టుకు వెళ్లిన రోజు రేషన్ షాపుకు వెళ్లాననే చెప్పాను.

మాట్లాడుకునే రోజు రానే వచ్చింది. సేఠ్ ఇంకా ఏ సంగతీ చెప్పలేదు కాబట్టి నా భర్త పనికి పోయాడు. అక్క రాలేదు. నేనొక్కదాన్నే వెళ్లాను. చిన్న గది, గుండ్రటి బల్ల, నాలుగైదు కుర్చీలు, మూలన నీళ్ల కూజా. మధ్యవర్తి ఒక పెద్దావిడ, తెల్లజుట్టు, కాటన్ చీర. ఎన్నో ఏళ్లు వకీలుగా పని చేశారట. సేఠ్ మెహతాజీని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన్ని అంత దగ్గరగా చూడటం నాకదే మొదటిసారి. కుర్చీ లాక్కుని కూర్చుంటే బల్ల కదిలింది.

మాటలన్నీ హిందీలోనే. ఆవిడ ముందుగా చెప్పారు: "నేను జడ్జిని కాను. ఎవరిది తప్పో తేల్చను. ఇక్కడ అన్న మాట బయటికి పోదు, రేపు కోర్టులో వాడుకోవడానికి కూడా లేదు. మీలో ఎవరికి ఇష్టం లేకపోయినా లేచి వెళ్లిపోవచ్చు."

ఆ చివరి మాట వినగానే సేఠ్ లేచిపోతాడనుకున్నాను. లేవలేదు. నన్ను చెప్పమన్నారు. దారంతా బస్సులో వల్లె వేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. సేఠే మొదలుపెట్టాడు.

"ఈవిడకు ఏం కష్టం వచ్చింది? మీటరు మార్పించాను. గది నాది, మెట్లు నావి, సరుకు నాది. నచ్చకపోతే ఖాళీ చేయమనండి. సూరత్‌లో గదులకు కరువా?"

ఆవిడ ఆయన్ని ఆపలేదు. అంతా విని, "ఇప్పుడు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాను," అని వాళ్లిద్దర్నీ బయట కూర్చోమన్నారు.

తలుపు మూసుకున్నాక ఆవిడ గ్లాసులో నీళ్లు పోసి నా ముందు పెట్టారు. "మీకు అన్నిటికంటే భయం వేసేది దేని గురించి?" అని అడిగారు.

అప్పుడు చెప్పాను. పొగ, అత్తమ్మ కూలబడటం, కరిగిన తాకా, కిటికీ జాలీ, డాబా తాళం. చెబుతూ చెబుతూ అన్నాను: "ఇవన్నీ చెప్పినందుకు గది పోతుందేమో, ఆయన పని పోతుందేమో అని ఇంకా భయం." ఆవిడ రాసుకోలేదు, విన్నారు. "ఇందులో ఆయనకు ఏం చెప్పమంటారు, ఏం చెప్పొద్దంటారు?" అని అడిగారు. నా జీవితంలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. పొగ సంగతి చెప్పండి, పని పోతుందన్న భయం చెప్పొద్దు అన్నాను. అది తెలిస్తే దాన్నే పట్టుకుంటాడని నా అనుమానం.

తర్వాత నేను బయట బెంచీ మీద కూర్చున్నాను, సేఠ్ లోపలికి వెళ్లాడు. మెహతాజీ బెంచీకి ఆ చివర, నేను ఈ చివర. లోపల ఆయన గొంతు ఒకసారి పెద్దగా వినిపించి, తర్వాత తగ్గిపోయింది. తగ్గిన గొంతు వింటే నాకు ఇంకా భయమైంది.

మళ్లీ అందరం కలిసి కూర్చున్నప్పుడు ఆయన నా వైపు కాక బల్ల వైపు చూస్తూ మాట్లాడాడు. ఖాడీ పొంగిన ఏడాది గోదాములో తాకాలు నీళ్లలో తేలాయట. ఒకసారి బురద మచ్చ పడితే ఆ గుడ్డను ఎవరూ తీసుకోరట. "అందులో సగం సరుకు నాది కాదు. సలాబత్‌పురా బట్టల బజారు వ్యాపారులది. నా మీద నమ్మకంతో పెట్టారు. ఆ రోజు మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఏ ముఖం పెట్టుకుని మా ఇంటికి వెళ్లాలా అనుకున్నాను. మబ్బు పడితే నాకు అన్నం సయించదు బెన్," అన్నాడు.

నాకు నిప్పు భయం, ఆయనకు నీటి భయం. అది విన్నంత మాత్రాన నాకు ఆయన మీద జాలి కలగలేదు. కానీ మొదటిసారి, ఆ తాకాలు నా మీద కక్షతో అక్కడ పెట్టలేదని అర్థమైంది. ఆ రోజు ఏదీ తేలలేదు. లేచే ముందు మధ్యవర్తి సేఠ్‌ను ఒక్కటే కోరారు: "మళ్లీ కలిసేలోగా మీరొకసారి ఆ మెట్లెక్కి పై అంతస్తు దాకా వెళ్లి రండి."

వస్తాడని అనుకోలేదు. ఒక పగటిపూట తలుపు దగ్గర ఆయాసం వినిపించింది. సేఠ్. వెనక మెహతాజీ. చొక్కాకు ఒక పక్కంతా దుమ్ము, మోచేతి దగ్గర చిరుగు. సందులో ఆయన పట్టి ఉండడు. గోడ పట్టుకుని నిలబడి ఊపిరి కోసం తంటాలు పడుతున్నాడు. చెంబుతో నీళ్లిచ్చాను. గది ఖాళీ చేయమనడానికే వచ్చాడనుకున్నాను.

అత్తమ్మ మంచం మీంచే మొదలుపెట్టింది. ఆమె హిందీలో సగం తెలుగే. "సేఠ్, నీ గుడ్డ తడుస్తే ఆర్తది. మేం కాల్తే?"

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మెహతాజీ దానికి అర్థం చెప్పాల్సి వచ్చింది. చెబుతూ కాస్త మెత్తగా చెప్పాడనుకుంటాను. సేఠ్ చెంబు కింద పెట్టి, "బురదలో తడిసిన గుడ్డ ఆరినా పనికిరాదు మాతాజీ, మచ్చ పోదు," అన్నాడు. అంతే. ఇల్లంతా ఒకసారి చూశాడు. కిటికీ దగ్గరికి వెళ్లి జాలీని ఒకసారి ఊపి చూశాడు. దిగేటప్పుడు మలుపులో చాలాసేపు ఆగిన చప్పుడు వినిపించింది.

రెండోసారి కూర్చున్నప్పుడు నా భర్త వచ్చాడు. పొద్దున చొక్కా తొడుక్కుంటూ, "పోయేదైతే ఇద్దరిదీ పోతది గదా, పా," అన్నాడు. గదిలో సేఠ్‌కు నమస్తే పెట్టి నా పక్కన కూర్చున్నాడు. ఆయన మోకాలు నా మోకాలికి తగిలి ఉంది.

ఆ రోజు బేరం పొద్దున మొదలై మధ్యాహ్నం దాటింది. నేను ఇంకో మెట్ల దారి కావాలన్నాను. సేఠ్ చోటు లేదన్నాడు, నిజంగానే లేదు. కోపంతో ఒకసారి లేచి నిలబడ్డాడు కూడా. "ఇంతమంది ఉంటున్నారు, ఈవిడకే ఎందుకు నొప్పి?" అన్నాడు. అప్పుడు నా భర్త మెల్లగా, "సేఠ్, అందరికీ నొప్పే. అందరం మీ దగ్గర పని చేసేవాళ్లమే కాబట్టి నోరు మూసుకున్నాం," అన్నాడు. నేను చెప్పొద్దన్న మాటను ఆయనే చెప్పేశాడు. సేఠ్ మెల్లగా కూర్చున్నాడు. మధ్యవర్తి ఆయన్నే చూస్తూ, "మరి ఆ భయం తీరే మాట ఏదైనా రాసుకుందామా?" అని అడిగారు.

చివరికి ఇలా కుదిరింది. ఏ కాలంలోనైనా మెట్ల మీద సరుకు పెట్టకూడదు. మీటర్లను బయటి గోడకు మార్చాలి. డాబా తలుపుకు తాళం ఉండకూడదు, పక్క బిల్డింగు డాబా మీదికి దాటడానికి ఇనుప నిచ్చెన వేయాలి. గోదాములో గోడల పొడవునా ఎత్తుగా ఇనుప ర్యాకులు కట్టించాలి. వానల్లో పట్టనిది మొదటి అంతస్తులో ఖాళీగా ఉన్న గదిలో పెట్టుకోవచ్చు. ఖాడీ పొంగితే సరుకు మోయడానికి బిల్డింగులో వాళ్లందరం సాయం పడతాం. ఈ అర్జీ కారణంగా మమ్మల్ని ఖాళీ చేయించకూడదు, నా భర్తను పనిలోంచి తీయకూడదు. ఏ తేడా వచ్చినా ముందు ఒకరికొకరు ఫోను చేసుకోవాలి.

మొదటి అంతస్తు గదిలో సరుకు నాకు ఇష్టం లేదు. అదీ అంటుకునేదే. కానీ దానికి ఒప్పుకోకపోతే మిగతావేవీ కుదిరేలా లేవు. కాగితం చదివి వినిపించారు. ఇంకోసారి చదవమన్నాను. సేఠ్ గడియారం చూసుకున్నాడు. తెలుగులో సంతకం చేశాను. ఇది కోర్టు డిక్రీ లాగే చెల్లుతుందని వాలంటీరు అమ్మాయి చెప్పింది. ఇంటికి వెళ్లే బస్సులో నేను అడిగాను, "మాట తప్పితే?" నా భర్త కిటికీలోంచి చూస్తూ, "గదే నేనూ సోంచాయిస్తున్న," అన్నాడు.

తాకాలు దిగాయి. ఖాళీ అయిన మెట్లు చూస్తే అవి ఇంత వెడల్పా అనిపించింది. పిల్లలు రెండు రోజులు ఊరికే ఎక్కి దిగారు. అత్తమ్మ ఒక ఆదివారం నా భుజం, కొడుకు భుజం పట్టుకుని కింది దాకా వచ్చి, చాయ్ తాగి, మళ్లీ ఎక్కింది. పక్కింటి అక్క మాత్రం చాలా రోజులు నాకు ఎదురుపడకుండా తిరిగింది.

వానలు వచ్చాయి. అసలు భయం అప్పుడు మొదలైంది. ఒక రోజు పొద్దుటి నుంచి ఆగకుండా కురిసి, మధ్యాహ్నానికి ఖాడీ నీళ్లు గల్లీలోకి వచ్చాయి. చూస్తుండగానే గోదాము గుమ్మం మునిగింది. కార్ఖానా ఆపి మగవాళ్లందర్నీ సరుకు మోయడానికి పిలిచారు. మేమూ చెంగులు బిగించుకుని దిగాం. ర్యాకులు నిండాయి. మొదటి అంతస్తు గది కప్పు దాకా నిండింది. అప్పుడు మెహతాజీ, తడిసిపోయి, ముఖం పాలిపోయి, అరిచాడు: "మెట్ల మీద పెట్టండి! ఈ ఒక్క రోజే!"

నేను మొదటి మలుపులో ఉన్నాను. ఎలా చేశానో తెలియదు, రెండు చేతులూ రెండు గోడలకు ఆనించి నిలబడ్డాను. కింద నుంచి తాకా భుజాన వేసుకుని మొదట ఎక్కివచ్చింది నా భర్తే. నన్ను చూసి ఆగాడు. ఆయన వెనక ఇంకో నలుగురు బరువుతో ఆగారు. ఆయన భుజం మీంచి నీళ్లు కారుతున్నాయి. జరగమంటాడని ఎదురుచూశాను. అంటే జరిగేదాన్నేమో.

ఆయన వెనక్కి తిరిగి, "మెహతాజీ, మెట్ల మీద నేను పెట్ట. వీళ్లు గూడ పెట్టరు," అన్నాడు. తెలుగులోనే అన్నాడు. వెనకవాళ్లు దిగలేదు, ఎక్కలేదు.

సేఠ్‌కు ఫోను చేశాను. వాన చప్పుడులో ఆయన మాట సరిగా వినిపించలేదు. "నీళ్లు వస్తున్నాయి బెన్, నా సరుకు పోతోంది," అన్నాడు. ఏడుస్తున్నాడో అరుస్తున్నాడో తెలియలేదు. నా నోటి నుంచి వచ్చిన మాటకు నేనే ఆశ్చర్యపోయాను: "మెట్ల మీద వద్దు. మా ఇళ్లల్లో పెట్టుకోండి. నీళ్లు తీసే దాకా. మంట దగ్గర కాకుండా లోపలి గదిలో."

ఫోను కట్ అయిందనుకున్నాను. తర్వాత "మెహతాజీకి ఇవ్వు," అన్నాడు.

మొదట తలుపు తెరిచింది పక్కింటి అక్క. పిల్లల్ని వంటింట్లోకి నెట్టి, "తెండ్రి, గీడ పెట్టుండ్రి," అని చోటు చూపించింది. ఇంటింటికీ కొన్ని తాకాలు చేరాయి. మా ఇంట్లో అత్తమ్మ మంచం చుట్టూ గోడలా పేర్చారు. నీళ్లు తీసేదాకా, రెండు రోజులు, బిల్డింగులో ఎవరం పొయ్యి వెలిగించలేదు. అటుకులు, బ్రెడ్డు తిన్నాం. తాకాల మధ్య పడుకుని నేను గాలి పీలుస్తూనే ఉన్నాను, వాసన కోసం. మెట్లు మాత్రం ఖాళీగా ఉన్నాయి. లేచి రెండుసార్లు తలుపు తీసి చూసుకున్నాను.

నీళ్లు తీశాక కూలీలు వచ్చి తాకాలు దింపుకుపోయారు. సేఠ్ గుమ్మంలో బురదలో నిలబడి ఒక్కో తాకానూ తడిమి చూసుకుంటున్నాడు. నేను నీళ్ల బిందెతో దాటుతుంటే, "ఒక్కటి కూడా తడవలేదు," అన్నాడు. నాతోనా మెహతాజీతోనా తెలియదు. ఆ తర్వాత ఆయన నాతో పెద్దగా మాట్లాడింది లేదు. నా భర్త పని ఉంది. ఎక్కువ గుడ్డ దిగే మంచి మగ్గాలు మాత్రం ఆయనకు చాలా కాలం దక్కలేదు. అది కాగితంలో రాయని సంగతి, ఎవరినీ అడగలేకపోయాం.

ఇప్పటికీ అక్కడే ఉంటున్నాం. భయం పోలేదు. ఎండాకాలంలో అన్ని ఇళ్లల్లో కూలర్లు ఒక్కసారి తిరిగితే బయటి గోడ మీది మీటర్లను చూసి వస్తాను. మా అమ్మాయి ఇప్పుడు పెద్దదైంది, నన్ను చూసి నవ్వుతుంది. మొన్న పక్క గల్లీ బిల్డింగు నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చి, ఆ కార్యాలయం ఎక్కడుందో చెప్పమన్నారు. వాళ్ల మెట్ల కింద రంగుల డ్రమ్ములు పెట్టారట. ఏ బస్సు ఎక్కాలో చెప్పాను. "మా పేరు సేఠ్‌కు తెలుస్తదా?" అని వాళ్లలో ఒకామె అడిగింది.

"తెలుస్తది," అన్నాను. "నేను గూడ వస్త, కూర్చుంట."

గురువారం వెళ్లాలని అనుకున్నాం. పక్కింటి అక్క తానూ వస్తానంది.